కర్నూలులో క్వాంటిఫెరాన్ పరీక్ష: కిట్ మంచిదే, మొదటి 16 గంటలే అసలు సంగతి

అమెరికాకు ఎమ్మెస్ చదువుకు పోయే పిల్లలు, కీళ్లవాతానికి ఖరీదైన ఇంజెక్షన్లు మొదలుపెట్టబోయేవాళ్లు, ఇంట్లో ఒకరికి టీబీ బయటపడితే మిగతావాళ్ల సంగతేందని కంగారు పడేవాళ్లు. వీళ్లందరూ ఎన్ఆర్ పేటలోనో గాయత్రి ఎస్టేట్‌లోనో ల్యాబు మెట్లెక్కి అడిగే రక్తపరీక్ష ఒకటుంది, టీబీ క్రిమి ఒంట్లోకి ఎప్పుడైనా చేరిందా లేదా అని చెప్పేది. డాక్టరు చీటీ మీద ‘ఇగ్రా’ అని రాస్తారు, ల్యాబువాళ్లు ‘టీబీ గోల్డ్’ అంటారు, డబ్బా మీద మాత్రం క్వాంటిఫెరాన్ టీబీ గోల్డ్ ప్లస్ అని ఉంటుంది. కియాజెన్ కంపెనీ తయారీ. ఖర్చు కేంద్రాన్ని బట్టి మారినా వేలల్లోనే ఉంటుంది కాబట్టి, ఆ డబ్బుకు ఏం వస్తుందో, ఎక్కడ చెడుతుందో వివరంగా రాస్తున్నాం.

కిట్‌కు పదికి ఎనిమిది మార్కులు వేయొచ్చు. కర్నూలు, అనంతపురం, కడపల్లో రక్తం తీసి బయటి ఊరికి పంపే పద్ధతికి మాత్రం ఒకే మార్కు వేయడం కుదరదు. ఒక కేంద్రానికీ ఇంకో కేంద్రానికీ పొంతన ఉండదు. అదే కేంద్రంలో పొద్దున ఇచ్చిన రక్తానికీ సాయంత్రం ఇచ్చిన రక్తానికీ కూడా తేడా పడొచ్చు. దానికి కారణం పరీక్ష స్వభావంలోనే ఉంది.

చక్కెర, క్రియాటినిన్ లాంటి పరీక్షల్లో రక్తంలో అప్పటికే ఉన్నదాన్ని కొలుస్తారు. ఇక్కడ కొలవాల్సిన ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రొటీన్ రక్తం తీసే సమయానికి దాదాపు ఉండదు. ట్యూబులోకి వచ్చిన టీ కణాలు (క్రిముల్ని గుర్తుపట్టే తెల్ల రక్తకణాలు) బతికి ఉండి, ఆ రాత్రంతా పనిచేస్తేనే అది పుడుతుంది. టీబీ క్రిమి ఒంట్లోకి ఎప్పుడో ఒకసారి చేరి ఉంటే, దాని ముక్కల్ని గుర్తుపెట్టుకున్న టీ కణాలు రక్తంలో తిరుగుతుంటాయి. అవే ముక్కలు మళ్లీ ఎదురైతే కొన్ని గంటల్లోనే ఇంటర్‌ఫెరాన్ గామా వదులుతాయి. అంటే ల్యాబుకు పంపేది ప్రాణమున్న సరుకు. ఎండలో మాడినా, ఐసులో గడ్డకట్టినా, ఆలస్యమైనా కణాలు నీరసిస్తాయి. రిపోర్టులో అంకెలు పడిపోతాయి.

గుర్తుపట్టడానికి పెట్టే ముక్కలు ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 అనే రెండు ప్రొటీన్ల నుంచి తీసుకున్నవి. ఈ ఎంపికే కిట్‌కు పెద్ద బలం. ఫ్రెంచి శాస్త్రవేత్తలు కాల్మెట్, గెరాన్ 1908 నుంచి 1921 వరకు ఆవుల టీబీ క్రిమిని మళ్లీ మళ్లీ పెంచి బీసీజీ టీకా తయారుచేశారు. ఆ పదమూడేళ్లలో క్రిమి జన్యువుల్లో ఆర్‌డీ1 అనే భాగం రాలిపోయింది. ఈ రెండు ప్రొటీన్లూ ఆ భాగంలోవే. అందుకని పుట్టగానే బీసీజీ వేయించుకున్న మనవాళ్లలో టీకా వల్ల ఈ పరీక్ష పాజిటివ్ రాదు. చేతి చర్మంలోకి సూది వేసి వాపు కొలిచే పాత మాంటూ పరీక్షకు ఆ భరోసా లేదు. కాన్సాసీ, మారినమ్ లాంటి కొన్ని ఇతర మైకోబాక్టీరియాల్లో కూడా ఈ ప్రొటీన్లు ఉంటాయి గానీ మన దగ్గర పాజిటివ్ వస్తే ముందు ఆలోచించాల్సింది టీబీ గురించే.

కిట్‌లో ఒక మనిషికి నాలుగు ట్యూబులు. బూడిదరంగు మూతది నిల్, ఆకుపచ్చది టీబీ1, పసుపుపచ్చది టీబీ2, ఊదారంగుది మైటోజెన్. నిల్‌లో ముక్కలేమీ ఉండవు. ఊరికే ఉన్న రక్తంలో ఎంత ఇంటర్‌ఫెరాన్ ఉందో అది చెబుతుంది. టీబీ1లో ఉన్న పొడుగు ముక్కలు ముఖ్యంగా సీడీ4 అనే రకం టీ కణాల్ని కదిలిస్తాయి. టీబీ2లో వాటితో పాటు పొట్టి ముక్కలు కూడా ఉంటాయి, అవి సీడీ8 అనే ఇంకో రకం టీ కణాల కోసం. పేరు చివర ‘ప్లస్’ వచ్చింది ఇందుకే. మైటోజెన్‌లో ఫైటోహీమగ్లుటినిన్ అనే పదార్థం ఉంటుంది. అది టీబీతో సంబంధం లేకుండా టీ కణాలన్నిటినీ తట్టి లేపుతుంది. ఆ ట్యూబులో కూడా ఇంటర్‌ఫెరాన్ రాలేదంటే, కణాలకే సత్తువ లేదనో, దారిలో చెడిపోయాయనో అర్థం. మన ఊళ్ల పరిస్థితిలో అన్నిటికంటే ఎక్కువ సంగతులు చెప్పేది ఈ ఊదారంగు ట్యూబే.

ఇక రక్తం తీసే పని. ఒక్కో ట్యూబులోకి 1 మిల్లీలీటరు రావాలి. పక్కన నల్ల గీత ఉంటుంది, 0.8 నుంచి 1.2 వరకు పరవాలేదు. ఈ ట్యూబులు మామూలు వాటిలా చటుక్కున నిండవు. నిండినట్టు కనిపించాక కూడా సూదిని రెండు మూడు సెకన్లు అలాగే ఉంచాలి. సీతాకోకచిలుక సూది వాడితే దాని పైపులో ఉన్న గాలి మొదటి ట్యూబులోకి పోయి రక్తం తగ్గుతుంది. ముందు ఒక వృథా ట్యూబుతో పైపు నింపుకోవాలి. వరుస నిల్, టీబీ1, టీబీ2, మైటోజెన్. రక్తం ఎక్కువైతే ముక్కలు పలచబడతాయి, తక్కువైతే చిక్కబడతాయి, రెండింటిలోనూ అంకె మారుతుంది.

తర్వాత ఊపడం. చాలా చోట్ల పని చెడేది ఇక్కడే. ముక్కలు ట్యూబు లోపలి గోడకు ఎండి అంటుకుని ఉంటాయి. నింపిన వెంటనే ఒక్కో ట్యూబునూ 10 సార్లు, లోపలి గోడంతా రక్తంతో తడిసేలా ఊపాలి. రక్తకణాల లెక్కకు వాడే మామూలు ఈడీటీఏ ట్యూబులాగా రెండుసార్లు అటూ ఇటూ తిప్పి స్టాండులో పెడితే ముక్కలు కరగవు, టీబీ ట్యూబుల అంకె తక్కువొస్తుంది. అలాగని మజ్జిగ చిలికినట్టు చిలికితే అడుగున ఉన్న జెల్ చెదిరిపోయి ఫలితం గజిబిజి అవుతుంది. రక్తం తీసే అబ్బాయి నాలుగు ట్యూబుల్నీ లెక్కపెట్టి ఊపుతున్నాడా లేదా అన్నది కుర్చీలో కూర్చున్న మీకే కనిపిస్తుంది. “తమ్ముడూ, పదిసార్లు ఊపాలంట కదా” అని నెమ్మదిగా గుర్తుచేస్తే తప్పేం లేదు.

ట్యూబుల నిల్వ గురించి కూడా ఒక మాట. ఖాళీ ట్యూబుల్ని 4 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంచాలి. ఏసీ లేని గదిలో బీరువాలో పెడితే మార్చి నుంచి జూన్ దాకా కర్నూలులో అది సాధ్యం కాదు. ఫ్రిజ్‌లో ఉంచి, రక్తం తీసే ముందు బయటపెట్టి 17 నుంచి 25 డిగ్రీల మధ్యకు రానివ్వాలి. ఎత్తు ప్రదేశాలకు ఈ కంపెనీయే వేరే ట్యూబులు అమ్ముతుంది. మామూలు ట్యూబులు సముద్రమట్టం నుంచి 810 మీటర్ల వరకు పనికొస్తాయి. కర్నూలు, అనంతపురం, కడప మూడూ దానికి చాలా దిగువనే ఉన్నాయి కాబట్టి ఆ బెంగ లేదు.

అసలు ప్రమాదం రక్తం తీశాక మొదలవుతుంది. నింపిన ట్యూబుల్ని 16 గంటల్లోపు 37 డిగ్రీల వేడిని నిలిపి ఉంచే ఇంక్యుబేటర్‌ పెట్టెలో పెట్టాలి. అప్పటిదాకా గది వేడిమిలో ఉంచాలి. కంపెనీ లెక్కలో గది వేడిమి అంటే 22 డిగ్రీలు, అటు 5 ఇటు 5. మే నెలలో మన గది వేడిమి అది కాదు. ఫ్యాన్ కింద కూడా 35 దాటుతుంది, బండి వెనక కట్టిన సంచిలో ఇంకా ఎక్కువ. సరే వేడి అని ఐసు ప్యాకుల మధ్య పెడితే అంతకంటే పెద్ద పొరపాటు. ఇంక్యుబేటర్‌కు ముందు ఈ నాలుగు ట్యూబుల్ని చల్లార్చకూడదు. మిగతా శాంపిళ్లన్నీ ఐసు డబ్బాలో పోతాయి కాబట్టి అలవాటు చొప్పున వీటినీ అందులోనే పడేస్తారు. అలా పోయిన రక్తంలో మైటోజెన్ అంకె పడిపోయి, ‘ఇండిటర్మినేట్’, అంటే తేల్చలేమని రిపోర్టు వస్తుంది. రోగికి రోగనిరోధక శక్తి తక్కువని అనుమానం పుడుతుంది, అనవసరంగా ఇంకో నాలుగు పరీక్షలు రాస్తారు.

ఇప్పుడు గంటల లెక్క చూద్దాం. కర్నూలు నుంచి హైదరాబాదుకు 44వ నంబరు జాతీయ రహదారి మీద 200 కిలోమీటర్ల పైచిలుకు. పొద్దున 9కి పరగడుపున పోయి రక్తం ఇచ్చారనుకోండి. సంచి సాయంత్రం 7కి సేకరిస్తారు, రాత్రి బస్సుకు వేస్తారు, తెల్లవారి ల్యాబు తెరిచి 7కి ఇంక్యుబేటర్‌లో పెడతారు. 22 గంటలు! అదే రక్తం సాయంత్రం 5కి ఇస్తే 14 గంటలు. ఈ పరీక్షకు పరగడుపు అక్కర్లేదు కాబట్టి, శాంపిలు రాత్రికి రాత్రి బయటి ఊరికి పోయే కేంద్రంలో సాయంత్రమే ఇవ్వండి. అనంతపురం నుంచి బెంగళూరుకు పోయే శాంపిళ్లకైనా, కడప నుంచి తిరుపతికో చెన్నైకో పోయే వాటికైనా ఇదే లెక్క వేసుకోవాలి. శనివారం మాత్రం వద్దు. ఆదివారం అవతల ల్యాబులో ఇంక్యుబేటర్ దగ్గర మనిషి ఉంటాడని వాళ్లు గట్టిగా చెబితే తప్ప.

దీనికంటే మంచి దారి రెండున్నాయి. మొదటిది, ఊళ్లోనే ఇంక్యుబేటర్ ఉన్న కేంద్రం. చిన్న యంత్రమే, టేబుల్ మీద పడుతుంది. 37 డిగ్రీల దగ్గర ఒక డిగ్రీ తేడాలోపు, 16 నుంచి 24 గంటలు, ట్యూబులు నిటారుగా. అంతసేపు కరెంటు పోకూడదు. ఇన్వర్టర్ మీద పెట్టారా అని అడగండి. ఒకసారి ఇంక్యుబేషన్ అయిపోతే టీ కణాలు చేయాల్సింది చేసేసినట్టే. ఆ తర్వాత ట్యూబులు 4 నుంచి 27 డిగ్రీల మధ్య మూడు రోజుల దాకా ఆగగలవు, అప్పుడు చల్లని డబ్బాలో హైదరాబాదుకు హాయిగా పంపొచ్చు. యంత్రంలో గిర్రున తిప్పి (సెంట్రిఫ్యూజ్ చేసి) కణాల నుంచి వేరుచేసిన ప్లాస్మా ద్రవం అయితే 2 నుంచి 8 డిగ్రీల్లో 28 రోజులు నిలుస్తుంది. అందువల్ల చాలామంది శాంపిళ్లు ఒకేసారి పట్టే ప్లేటు నిండేదాకా ఆగి రిపోర్టు నాలుగైదు రోజులు ఆలస్యం చేసే ల్యాబును తిట్టాల్సిన పనిలేదు. ఆ ఆలస్యం వల్ల ఫలితం చెడదు. చెడగొట్టేది ఇంక్యుబేటర్‌కు ముందు జరిగే ఆలస్యం.

రెండోది, రక్తాన్ని ముందు ఒక లిథియం హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చూసేది) ట్యూబులోకి, కనీసం 5 మిల్లీలీటర్లు, తీయడం. అది 12 గంటల దాకా గది వేడిమిలో ఉండొచ్చు. లేదా తీసిన మూడు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరిస్తే 2 నుంచి 8 డిగ్రీల మధ్య 48 గంటల దాకా ఉంచొచ్చు. పెద్ద ల్యాబులో దాన్ని మళ్లీ గది వేడిమికి తెచ్చి, నాలుగు ట్యూబుల్లోకి ఒక్కో మిల్లీలీటరు పోసి, ఊపి, ఇంక్యుబేట్ చేస్తారు. మన ఎండలకూ దూరాలకూ ఇదే సరిపోయే పద్ధతి. చిక్కల్లా ఒకటే: హెపారిన్ ట్యూబును చల్లగా పంపొచ్చు, క్వాంటిఫెరాన్ ట్యూబుల్ని పంపకూడదు. ఈ రెండు నియమాల్నీ కలగలిపి తికమకపడే కేంద్రాలు తక్కువేం కాదు.

ల్యాబు లోపలి పని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అది అలవాటైన ఎలైజా (రంగు మారడాన్ని బట్టి ప్రొటీన్ కొలిచే పద్ధతి) పనే. సెంట్రిఫ్యూజ్‌లో 15 నిమిషాలు తిప్పితే జెల్ పైకి లేచి కణాల్నీ ప్లాస్మానూ విడదీస్తుంది. ఆ ప్లాస్మాలో ఇంటర్‌ఫెరాన్ ఎంతుందో కొలుస్తారు. పేరున్న ల్యాబుల్లో ఇది అరుదుగా చెడుతుంది.

రిపోర్టులో నాలుగు ట్యూబుల అంకెలూ ఉండాలి. ఒట్టి ‘పాజిటివ్’, ‘నెగటివ్’ అని ఇస్తే తీసుకోకండి, అంకెలు వేసి ఇవ్వమనండి. లెక్క ఇలా ఉంటుంది. నిల్ మిల్లీలీటరుకు 8.0 ఐయూ (ఇంటర్నేషనల్ యూనిట్లు) దాటకూడదు. టీబీ1 లేదా టీబీ2 నుంచి నిల్ తీసేస్తే 0.35 గానీ అంతకంటే ఎక్కువ గానీ రావాలి, అది నిల్‌లో 25 శాతానికి తగ్గకూడదు. రెండింటిలో ఏ ఒక్కటి దాటినా పాజిటివ్. ఉదాహరణకు నిల్ 0.08, టీబీ1 0.42, టీబీ2 0.51 అనుకుందాం. టీబీ1 తేడా 0.34, వెంట్రుకవాసిలో తప్పింది. టీబీ2 తేడా 0.43, దాటింది. కాబట్టి పాజిటివ్. ఇంకొకరికి నిల్ 4.0, టీబీ1 4.6, టీబీ2 4.5, మైటోజెన్ 10 పైన. తేడా 0.6 ఉంది గానీ నిల్‌లో 25 శాతమంటే 1.0. అందుకే ఇది నెగటివ్. టీబీ ట్యూబులు దాటకపోతే మైటోజెన్ తేడా చూడాలి. అది 0.5 కంటే తక్కువైతే నెగటివ్ అనే హక్కు లేదు, ఇండిటర్మినేట్ అనాల్సిందే. నిల్ 8.0 దాటినా అంతే.

0.35 అనేది రాతిమీద గీసిన గీత కాదు. అదే మనిషి రక్తాన్ని రెండుసార్లు పరీక్షిస్తే 0.30 ఒకసారి, 0.40 ఒకసారి రావడం మామూలే. 0.2 నుంచి 0.7 మధ్య వచ్చిన అంకెను చాలామంది నిపుణులు అనుమానపు పట్టీగా లెక్కగట్టి మళ్లీ చేయిస్తారు. 0.38 వచ్చిందని ఏడవాల్సిన పనీ లేదు, 0.33 వచ్చిందని ధీమాగా ఉండాల్సిన పనీ లేదు. 6, 8 లాంటి అంకె వస్తే మళ్లీ చేయించి డబ్బు తగలేయొద్దు.

పాజిటివ్ అంటే టీబీ జబ్బు ఉందని కాదు. టీ కణాలు ఆ క్రిమిని చూశాయని మాత్రమే. 2019-21 జాతీయ సర్వేలో 15 ఏళ్లు దాటినవాళ్లలో సుమారు 31 శాతం మందికి ఈ ఇన్ఫెక్షన్ ఉన్నట్టు తేలింది. వాళ్లలో జీవితకాలంలో జబ్బు పడేది 5 నుంచి 10 శాతమే. దగ్గు రెండు వారాలు దాటినా, సాయంత్రం జ్వరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా ఈ పరీక్షకు ఒక్క రూపాయి కూడా పెట్టకండి. పెద్దాసుపత్రిలో గానీ దగ్గరి ప్రభుత్వ కేంద్రంలో గానీ కఫం ఇచ్చి, అందులో టీబీ క్రిమిని నేరుగా వెతికే ట్రూనాట్ లేదా సీబీనాట్ పరీక్ష చేయించుకోండి, అది ఉచితం. జబ్బు ముదిరినవాళ్లలో కూడా కొందరికి క్వాంటిఫెరాన్ నెగటివ్ వస్తుంది. అది చూసి కఫం పరీక్ష ఆపేయడం ప్రాణాల మీదికి తెస్తుంది. జబ్బు నిర్ధారణకు దీన్ని వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే చెప్పింది. మందులు వాడాక నయమైందో లేదో చూడటానికి కూడా ఇది పనికిరాదు, చాలామందికి ఏళ్ల తరబడి పాజిటివ్‌గానే ఉంటుంది.

మరి ఎవరికి విలువైనది? టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్‌ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ లాంటి కీళ్లవాతం ఇంజెక్షన్లు మొదలుపెట్టే ముందు దీన్ని తప్పక చేయించాలి. ఒంట్లో దాగిన టీబీ క్రిముల చుట్టూ టీ కణాలు, ఇతర కణాలు కట్టుకున్న గోడను నిలబెట్టేది టీఎన్ఎఫే. దాన్ని తీసేస్తే గోడ కూలి క్రిములు బయటపడతాయి. కీళ్లవాతానికే వాడే టోఫాసిటినిబ్ మాత్రల ముందూ అంతే. క్యాన్సర్‌కు వాడే పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ లాంటి ఇమ్యునోథెరపీ మందులు టీ కణాల పగ్గాలు వదిలేస్తాయి. ఆ మందుల తర్వాత కూడా టీబీ బయటపడిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి, కాబట్టి ఆంకాలజిస్టుతో ముందే మాట్లాడటం మంచిది. తాడిపత్రి వైపు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లలో పనిచేసి సిలికోసిస్ తెచ్చుకున్నవాళ్లకు, డయాలసిస్ రోగులకు, అవయవ మార్పిడికి సిద్ధమవుతున్నవాళ్లకు కూడా ఇది అవసరమైన పరీక్షే.

కీళ్ల రోగులకు ఒక జాగ్రత్త. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఎక్కువ మోతాదులో నడుస్తుంటే టీ కణాలు మందగించి మైటోజెన్ అంకె తగ్గుతుంది. వీలైతే స్టెరాయిడ్లు మొదలుపెట్టకముందే రక్తం ఇవ్వండి. లింఫోసైట్ల (టీ కణాలు కూడా ఈ రకం తెల్ల కణాలే) సంఖ్య బాగా తక్కువున్నప్పుడు ఇచ్చినా అదే గతి. ఎమ్మెస్ పిల్లలకు ఇంకో జాగ్రత్త. యూనివర్సిటీలు ఎంఎంఆర్ టీకా కూడా అడుగుతాయి కదా. ఆ టీకా టీ కణాల స్పందనను కొన్నాళ్లు తగ్గించగలదు. రెండూ ఒకే రోజు కానివ్వండి, లేదంటే టీకా తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి రక్తం ఇవ్వండి. మాంటూ వేయించుకుని మూడు రోజులు దాటాక రక్తం ఇస్తే ఆ సూది వల్లే అంకె పెరిగే అవకాశం ఉంది. రక్తమే ముందివ్వాలి.

మాంటూతో పోలిస్తే ఒకసారి పోతే చాలు, చేతి మీద వాపు కొలవడానికి మళ్లీ పోనక్కర్లేదు. బీసీజీ గొడవ లేదు. అయితే ఈ బీసీజీ లాభానికి పోటీ వచ్చింది. సీరం ఇన్‌స్టిట్యూట్ అమ్మే సై-టీబీ చర్మ పరీక్షలో కూడా ఇవే ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 ఉంటాయి. 0.1 మిల్లీలీటరు చర్మంలోకి ఇచ్చి 48 నుంచి 72 గంటల్లో చూస్తారు, గట్టిదనం 5 మిల్లీమీటర్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే పాజిటివ్. ఇంక్యుబేటర్ వద్దు, రాత్రి బస్సు వద్దు. ఇంట్లో టీబీ రోగి ఉన్నవాళ్లకు మా సలహా ఏమంటే, వేలు పోసి ప్రైవేటులో క్వాంటిఫెరాన్ చేయించకముందు జిల్లా క్షయ నివారణ కేంద్రంలో సై-టీబీ చేస్తారేమో అడగండి. ఐదేళ్లలోపు పిల్లలకూ, హెచ్ఐవీ ఉన్నవాళ్లకూ జబ్బు లేదని తేలితే ఈ పరీక్ష లేకుండానే నివారణ మందులు ఇస్తారు: ఆరు నెలలు రోజూ ఐసోనియాజిడ్, లేదా వారానికొకసారి రిఫాపెంటీన్‌తో కలిపి 12 మోతాదులు, వయసునూ మిగతా మందులనూ బట్టి. వాళ్ల రక్తం తీసి ఖర్చు పెట్టించడం అన్యాయం. యూనివర్సిటీ పత్రాలకు మాత్రం రక్తపరీక్షే కావాలంటారు, అక్కడ సై-టీబీ చెల్లకపోవచ్చు. రిపోర్టు మీద కిట్ పేరు పూర్తిగా ఉందో లేదో చూసుకోండి. మూడు ట్యూబులతో చేసే వేరే కంపెనీల కిట్లు కూడా ‘టీబీ గోల్డ్’ అనే వాడుక పేరు మీదే నడుస్తున్నాయి.

డబ్బు కట్టకముందు కౌంటరు దగ్గర అడగాల్సినవి ఇవి. అన్నా, ట్యూబులు ఇంక్యుబేటర్లో పెట్టేది ఇక్కడేనా, పోయే ఊళ్లోనా? ఎన్ని గంటలకు పెడతారు? ఎండాకాలంలో సంచిలో ఏం పెట్టి పంపుతారు? రిపోర్టులో నాలుగు అంకెలూ వస్తాయా? ఆఖరుది, ఇండిటర్మినేట్ వస్తే రెండోసారి ఉచితంగా చేస్తారా? కొన్ని కేంద్రాలు చేస్తాయి, కొన్ని మళ్లీ పూర్తి బిల్లు వేస్తాయి. మైటోజెన్ తక్కువై వచ్చిన ఇండిటర్మినేట్‌కు, రోగి స్టెరాయిడ్లలో లేకుండా, లింఫోసైట్లు బాగానే ఉంటే, మొదట అనుమానించాల్సింది రవాణానే. రక్తం తీసిన సమయమూ ఇంక్యుబేటర్‌లో పెట్టిన సమయమూ రెండూ రాసి ఇమ్మని అడగండి. ఆ రెండు అంకెల మధ్య తేడా 16 దాటిందంటే రెండో పరీక్షకు మీ జేబులోంచి కట్టనక్కర్లేదని గట్టిగా చెప్పొచ్చు.